ల్యాప్‌టాప్‌కు మౌస్ కొనాలా, ట్రాక్‌ప్యాడ్ చాలా? తేల్చుకునే పద్ధతి

"అన్నా, ల్యాప్‌టాప్ తెచ్చిన. దీనికి మౌస్ కొనాల్నా, వద్దా?" నల్లగొండలో నేను కంప్యూటర్ నేర్పే గదికి వచ్చేవాళ్లు బ్యాగు జిప్పు తీయకముందే అడిగే మాట ఇది. ఫోన్లోనూ ఇదే. ఇన్నాళ్లూ ఒక్కొక్కరికీ విడిగా చెప్పుకుంటూ వచ్చాను. ఇక ఒకేచోట రాసిపెడితే నయమనిపించింది.

నా లెక్క ముందే చెబుతాను. చాలామంది మౌస్ కొనేది పని కోసం కాదు, ట్రాక్‌ప్యాడ్ (కీబోర్డు కింద వేలితో జరిపే పలక) మీద విసుగొచ్చి. ఆ విసుగులో ఎక్కువ భాగం సెట్టింగ్స్ మారిస్తేనో, కరెంటు ప్లగ్గు మారిస్తేనో పోతుంది. అందుకే ముందు ట్రాక్‌ప్యాడ్‌ను సరిచేసుకుని, రెండు రోజులు పనిచేసి, ఆ తర్వాత మౌస్ సంగతి చూడాలి. ఈ వరస తప్పితే మౌస్ కొన్నాక కూడా అవే తిప్పలు.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- ల్యాప్‌టాప్, దాంతోపాటు వచ్చిన సొంత చార్జర్
- పొడి నూలు గుడ్డ
- ఎవరినైనా అడిగి తెచ్చుకున్న మౌస్ ఒకటి, రెండు రోజులకు
- కాగితం, పెన్ను
- తీరిగ్గా ఓ అరగంట

## 1. ముందు ట్రాక్‌ప్యాడ్ సెట్టింగ్స్

విండోస్ 11 అయితే సెట్టింగ్స్ తెరిచి "బ్లూటూత్ అండ్ డివైసెస్"లోకి, అక్కడి నుంచి "టచ్‌ప్యాడ్"లోకి వెళ్లండి (ట్రాక్‌ప్యాడ్‌నే విండోస్ ఇలా పిలుస్తుంది). విండోస్ 10లో ఇది "డివైసెస్" కింద ఉంటుంది. ఈ వరసలో మార్చండి:

1. కర్సర్ (తెర మీది బాణం) వేగం. వేలిని ప్యాడ్ ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా మామూలుగా ఒక్కసారి జరిపితే బాణం తెరలో చాలా భాగం దాటాలి. మూడు నాలుగుసార్లు జరపాల్సి వస్తే వేగం చాలదు. చిన్న బటన్ మీద ఆగకుండా దాటిపోతుంటే వేగం ఎక్కువైంది.
2. సెన్సిటివిటీ, అంటే ఎంత చిన్న తాకిడికి ప్యాడ్ పలకాలో. నాలుగు మెట్లు ఉంటాయి. టైప్ చేస్తుంటే అరచేయి తగిలి కర్సర్ వేరే లైన్‌లోకి ఎగిరిపోతోందా? ఒక మెట్టు తగ్గించండి. ఒకేసారి అడుగుకు దించితే మామూలుగా తట్టినప్పుడు కూడా పట్టించుకోదు.
3. తట్టడం. ఒక వేలితో తడితే క్లిక్, రెండు వేళ్లతో తడితే రైట్ క్లిక్. ఈ రెండిటికీ టిక్కు ఉండాలి.
4. స్క్రోల్ దిశ. ఫోన్ అలవాటున్నవాళ్లకు వేళ్లు పైకి జరిపితే పేజీ కూడా పైకి పోవడం సులువు. మౌస్ చక్రం అలవాటైనవాళ్లకు అదే తిరకాసు. ఏదో ఒకటి పెట్టుకుని వారం దాకా ముట్టుకోకండి.
5. మూడు వేళ్ల సైగలు. పైకి జరిపితే తెరిచి ఉన్న విండోలన్నీ కనబడతాయి. కిందికి జరిపితే డెస్క్‌టాప్ వస్తుంది. పక్కకు జరిపితే ఒక ప్రోగ్రాం నుంచి ఇంకోదానికి మారుతుంది. పక్కకు జరపడం ఒక్కటి నేర్చుకున్నా రోజులో బోలెడు క్లిక్కులు తగ్గుతాయి.

టచ్‌ప్యాడ్ పేజీలో ఇన్ని వివరాలు లేకుండా ఒకటి రెండు గీతలే కనిపిస్తే మీది పాత రకం ప్యాడ్, లేదా దాని డ్రైవర్ (ప్యాడ్‌ను విండోస్‌తో కలిపే చిన్న ప్రోగ్రాం) ఎక్కలేదు. తయారీ కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేరుతో డ్రైవర్ దింపుకుని చూడండి. అప్పటికీ రాకపోతే ఆ ల్యాప్‌టాప్‌కు మౌస్ తప్పదు, ఇక 7వ అంకెకు వెళ్లిపోవచ్చు.

మ్యాక్‌బుక్ వాళ్లకు రెండు ముక్కలు. "ట్యాప్ టు క్లిక్" మొదట్లో ఆపేసి ఉంటుంది, ఆన్ చేసుకోండి. "నేచురల్ స్క్రోలింగ్" ట్రాక్‌ప్యాడ్‌కు మారిస్తే మౌస్‌కు కూడా మారిపోతుంది, అది చూసి కంగారు పడొద్దు.

## 2. వేలు ఎక్కడ పెట్టాలి, ఎలా తట్టాలి

నకిరేకల్ నుంచి ఒక టీచరమ్మ వచ్చారు. "క్లిక్ పడట్లేదు సార్, ఇది పాడైంది. మంచి మౌస్ చెప్పండి." పక్కన కూర్చుని చూశాను. రేషన్ షాపులో మిషన్ మీద వేలిముద్ర వేసినట్టు బొటనవేలితో అదిమి పట్టి నొక్కుతున్నారు, అదీ ప్యాడ్ పైఅంచు దగ్గర. చాలా ల్యాప్‌టాప్‌లలో ప్యాడ్ కీబోర్డు వైపు అంచున బిగించి ఉంటుంది, కింది అంచే కదులుతుంది. బందుల దగ్గర చెయ్యి పెట్టి తోస్తే తలుపు ఎంత కదులుతుందో, పైఅంచు దగ్గర నొక్కితే క్లిక్ కూడా అంతే పడుతుంది.

"నొక్కడం మానేసి చూపుడు వేలితో తట్టండి, వాట్సాప్‌లో మెసేజ్ తెరిచినట్టు" అన్నాను. పావుగంటలో చెయ్యి తిరిగింది. ఆమె మౌస్ కొనలేదు.

నేర్చుకోవాల్సిన వరస ఇది. ఒకటి వచ్చాకే రెండోదానికి వెళ్లండి.

- ఒక వేలితో జరపడం, అదే వేలితో తట్టడం. బలం వద్దు.
- రెండు వేళ్ల స్క్రోల్. వేళ్లు అతికించి పెడితే కొన్ని ప్యాడ్‌లు ఒకే వేలనుకుంటాయి. మధ్యలో కాస్త ఎడం ఉంచండి.
- రెండు వేళ్లతో ఒకేసారి తట్టి రైట్ క్లిక్.
- లాగడం. రెండుసార్లు తట్టి, రెండోసారి వేలు ఎత్తకుండా జరపాలి. అందరూ తడబడేది ఇక్కడే. కుదరకపోతే ఎడమ బొటనవేలితో ప్యాడ్ కింది ఎడమ మూల నొక్కిపట్టి, కుడి చూపుడు వేలితో జరపండి.

ఫైళ్లను ఒక ఫోల్డర్ నుంచి ఇంకోదానికి లాగే అలవాటు ఉంటే దాన్నే మానుకోవడం మేలు. కంట్రోల్ ఎక్స్ కొట్టి, కావాల్సిన చోట కంట్రోల్ వీ కొడితే లాగే బాధే ఉండదు. మధ్యలో వేలు జారి ఫైలు ఎక్కడో పడిపోయిందని వెతుక్కునే పనీ ఉండదు.

## 3. బాణం దానంతటదే దుంకుతుంటే

దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడి సంగతి చెప్పాలి. "సార్, బాణం దుంకుతాంది. ఎవరో లోపల కూసొని ఆడిస్తున్నట్టే ఉంది. వైరస్ వచ్చిందంటున్నరు." నా దగ్గర గంటసేపు వాడినా ఏమీ కాలేదు. ఇంటికి తీసుకెళ్లాడు, మళ్లీ ఫోన్. రెండుసార్లు అలా తిరిగాక అడిగాను, "ఇంట్ల చార్జర్ ఎక్కడ పెడ్తవ్?" అని. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించి, మంచం పక్కన ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెడుతున్నాడు. ఎర్తింగ్ లేదు.

ట్రాక్‌ప్యాడ్ పనిచేసేది వేలి స్పర్శతో వచ్చే అతి చిన్న విద్యుత్ మార్పును పట్టుకుని. ఎర్త్ లేని చార్జర్ నుంచి వచ్చే అలజడి కూడా దానికి వేలు తగిలినట్టే అనిపిస్తుంది. ల్యాప్‌టాప్ ఒంటి మీద లోహం ఉంటే చెయ్యి రాసినప్పుడు జివ్వుమనడం కూడా ఎర్త్ సరిగా లేదనడానికి గుర్తే.

కనిపెట్టే వరస:

1. చార్జర్ పీకేసి బ్యాటరీ మీద పది నిమిషాలు వాడండి. దుంకడం ఆగితే తప్పు కరెంటు వైపు ఉంది.
2. ఎర్త్ సరిగా ఉన్న ఇంకో ఇంట్లోనో, ఆఫీసులోనో అదే చార్జర్ పెట్టి చూడండి. అక్కడ బాగుంటే మీ ఇంటి సాకెట్టే సమస్య, ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించండి.
3. అక్కడ కూడా దుంకితే చార్జర్ అనుమానం. ఒరిజినల్ కాని చార్జర్లతో ఇది ఎక్కువ.
4. బ్యాటరీ మీద కూడా దుంకుతుంటే ప్యాడ్‌ను, వేళ్లను పొడి గుడ్డతో తుడవండి. మే నెలలో మా నల్లగొండలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఫ్యాన్ ఆగిన ఐదు నిమిషాలకే వేళ్లు చెమటతో తడుస్తాయి, తడి వేలికి ప్యాడ్ సరిగా పలకదు. కొబ్బరినూనె రాసుకున్న చేతులతోనూ ఇంతే.

ఇంకొకటి, ఇది ఆషామాషీగా తీసుకోవద్దు. ప్యాడ్ పైకి ఉబ్బినట్టు కనిపిస్తే, ఒకప్పుడు బాగా పడిన క్లిక్ గట్టిపడితే, మూత సరిగా మూసుకోకపోతే లోపల బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. వెంటనే ఆపేయండి, చార్జింగ్ పెట్టకండి, ప్యాడ్‌ను కిందికి నొక్కి సరిచేయాలని చూడకండి. సర్వీసు సెంటర్‌కు తీసుకెళ్లండి. "మౌస్ పెట్టుకుంటే నడుస్తది కదా" అని నెలలు లాగినవాళ్లను చూశాను. బ్యాటరీకి మంటలు అంటుకునే ప్రమాదంతో ఆడుకోవడం అది.

## 4. కూర్చునే చోటు చూసుకోండి

మౌస్‌కు కుదురైన చోటు కావాలి. ల్యాప్‌టాప్ పక్కన పెద్ద నోటుబుక్కు తెరిచి పెట్టినంత జాగా, అదీ చదునుగా, ల్యాప్‌టాప్ ఎత్తులోనే ఉండాలి. ఆ జాగా లేకపోతే ఎంత ఖరీదైన మౌస్ అయినా పక్కన పడేయాల్సిందే.

నవారు మంచం మీద కూర్చునేవాళ్లు, ఒళ్లో పెట్టుకునేవాళ్లు, నల్లగొండ నుంచో పాలమూరు నుంచో హైదరాబాద్‌కు బస్సులో సుమారు వంద కిలోమీటర్లు పోతూ పనిచేసేవాళ్లు ట్రాక్‌ప్యాడ్ నేర్చుకోవాల్సిందే. పక్క సీటాయన తొడ మీద మౌస్ తిప్పలేరు కదా.

ఇంట్లో కింద కూర్చుని చిన్న పీట మీద పెట్టుకునేవాళ్లు బండ మీదే మౌస్ తిప్పుతారు. షాబాదు బండ గరుకుగా ఉంటే నడుస్తుంది. అద్దంలా పాలిష్ పట్టిన గ్రానైట్ మీద, గాజు బల్ల మీద మామూలు ఆప్టికల్ మౌస్ తడబడుతుంది. కింద ఉన్న నేలను అది క్షణక్షణం ఫొటో తీసుకుంటూ తేడా లెక్కగడుతుంది. నున్నటి మెరుపులో దానికి ఆనవాలేమీ దొరకదు. మౌస్‌ప్యాడ్ లేకపోతే పాత నోటుబుక్కు అట్ట చాలు. పెళ్లి శుభలేఖలు వాడకండి, వాటి మెరుపు పూత మీద కూడా ఇదే కథ. పైగా మౌస్ పీట మీద ల్యాప్‌టాప్ పక్కనే ఉండాలి, నేల మీద కాదు. చెయ్యి కిందికి వేలాడుతూ తిప్పితే భుజం పట్టేస్తుంది.

## 5. పనిని బట్టి నా తీర్పు

పెళ్లి ఆల్బమ్‌లు, ఫ్లెక్సీలు డిజైన్ చేసేవాళ్లు రెండో ఆలోచన లేకుండా మౌస్ తీసుకోండి. ముఖం చుట్టూ కత్తిరించేటప్పుడు క్లిక్ నొక్కిపట్టుకుని సన్నగా జరపాలి. ట్రాక్‌ప్యాడ్ మీద వేలికి చోటు అయిపోయి మధ్యలో ఎత్తాల్సి వస్తుంది, ఎత్తగానే గీత తెగుతుంది.

ఆటోక్యాడ్ (ఇంజినీరింగ్ డ్రాయింగులు గీసే ప్రోగ్రాం) నేర్చుకునే పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ పిల్లలకూ మౌసే, అదీ చక్రం గట్టిగా ఉన్నది. చక్రం తిప్పితే జూమ్, నొక్కిపట్టి జరిపితే డ్రాయింగ్ జరుగుతుంది, రెండుసార్లు నొక్కితే డ్రాయింగ్ మొత్తం తెరలోకి వస్తుంది. ట్రాక్‌ప్యాడ్‌తో ఈ మూడూ చేయబోతే గీత గీసే టైము కంటే వెతుక్కునే టైమే ఎక్కువవుతుంది.

పోచంపల్లి, పుట్టపాక వైపు ఇక్కత్ నమూనాలను గ్రాఫు గళ్లలో కంప్యూటర్ మీద వేసుకునేవాళ్లకు కూడా ఇదే మాట. గడి గడికీ రంగు నింపాలి, ఒక గడి తప్పితే అద్దకం లెక్కే మారుతుంది. గద్వాల చీర అంచు డిజైన్ వేసేవాళ్లకూ అంతే.

ఎక్సెల్ సంగతి కొంచెం వేరు. చాలామంది మౌస్ తప్పనిసరి అంటారు, నేను ఒప్పుకోను. ఐదు వందల వరసలను లాగి సెలెక్ట్ చేయబోతే మౌస్‌తో కూడా జారుతుంది. మొదటి గడిలో నిలబడి కంట్రోల్, షిఫ్ట్, కింది బాణం కలిపి నొక్కితే అరక్షణంలో పని. మధ్యలో ఖాళీ గడి ఉంటే అక్కడ ఆగుతుంది, మళ్లీ నొక్కితే సరి. కీబోర్డు వచ్చినవాళ్లు ట్రాక్‌ప్యాడ్‌తోనే ఎక్సెల్ చేసుకోవచ్చు. రానివాళ్లు మౌస్ పట్టుకోండి, కానీ కీబోర్డు నేర్చుకోవడం మానకండి.

మిర్యాలగూడ రైసుమిల్లుల్లో ట్యాలీ ప్రోగ్రాంలో లెక్కలు రాసే గుమస్తాలను చూడండి, అంతా కీబోర్డు మీదే. చెయ్యి మౌస్ మీదికి పోనే పోదు. దరఖాస్తు ఫారాలు నింపేవాళ్లు కూడా ట్యాబ్ కీతో గడి నుంచి గడికి వెళ్లడం నేర్చుకుంటే చాలు.

టైపింగ్, ఆన్‌లైన్ క్లాసులు, మెయిల్, సినిమాలు: ట్రాక్‌ప్యాడ్ చాలు. డబ్బు దాచుకోండి.

## 6. రెండు రోజుల పరీక్ష

తెచ్చుకున్న మౌస్ ఇప్పుడు బయటికి తీయండి. మీరు నిజంగా చేసే పనుల్లోంచి నాలుగు రాసుకోండి. ఉదాహరణకు:

1. పది ఫైళ్లకు పేర్లు మార్చి ఒక ఫోల్డర్‌లోకి చేర్చడం
2. ఇరవై పేజీల పీడీఎఫ్‌లో ఒక సంగతి వెతికి కాపీ చేయడం
3. ఒక ఫొటో కత్తిరించి సైజు తగ్గించడం
4. ఒక ఎక్సెల్ పట్టికలో మూడు నిలువు వరసలు అటూ ఇటూ మార్చడం

మొదటి రోజు ట్రాక్‌ప్యాడ్‌తో, ఆ తర్వాత మౌస్‌తో చేయండి. పట్టిన నిమిషాలు, చేసిన తప్పులు, చెయ్యి ఎక్కడ లాగింది, ఈ మూడూ కాగితం మీద రాయండి. రెండో రోజు వరస తిప్పి, మౌస్‌తో మొదలుపెట్టండి. రెండోసారి చేసేది ఎలాగూ తొందరగా అవుతుంది. వరస తిప్పకపోతే మొదట పట్టుకున్నదానికి అన్యాయం జరుగుతుంది.

తేడా కొద్దిపాటిదే అయితే మౌస్ తిరిగి ఇచ్చేయండి. ఒక్క పనిలోనే పెద్ద తేడా వచ్చి, ఆ పని మీరు రోజూ చేసేదైతే కొనండి. నెలకోసారి చేసేదైతే అప్పటికి అడిగి తెచ్చుకోవచ్చు.

## 7. కొనడానికి వెళ్తే

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి షాపులో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా తేల్చుకోవాల్సినవి నాలుగే.

వైరా, వైర్‌లెస్సా? టేబుల్ మీదే ఉండే ల్యాప్‌టాప్‌కు వైరు మౌస్ కొనండి. మూడు నాలుగు వందల్లో ఏళ్లు నడిచేది దొరుకుతుంది, బ్యాటరీ సెల్లు మార్చే గొడవ లేదు. రోజూ బ్యాగులో తిరిగేదానికి వైర్‌లెస్.

డాంగిలా, బ్లూటూతా? డాంగిల్ అంటే వైర్‌లెస్ మౌస్‌తో వచ్చే, ల్యాప్‌టాప్‌కు గుచ్చే గోరంత ముక్క. అది పెట్టగానే పనిచేస్తుంది కానీ ఒక యూఎస్‌బీ పోర్టు తింటుంది, పోతే మౌస్ దండగ. బ్లూటూత్‌కు పోర్టు అక్కర్లేదు. కొన్ని కొత్త పలుచటి ల్యాప్‌టాప్‌లలో చిన్న యూఎస్‌బీ సీ పోర్టులే ఉంటాయి, మామూలు డాంగిల్ వాటిలో పట్టదు, అందుకే వాటికి బ్లూటూతే నయం. అయితే విండోస్ కొత్తగా ఎక్కించేటప్పుడు బ్లూటూత్ మౌస్ సాధారణంగా పనికిరాదు.

సైజు. షాపులో పెట్టె విప్పించి పట్టుకుని చూడండి. చెయ్యి మొత్తం వాల్చినప్పుడు వేళ్ల కొనలు బటన్ల చివర దాకా రావాలి, మణికట్టు వంగకూడదు. బ్యాగులో పడుతుందని అరచేతిలో సగానికొచ్చే బుడ్డ మౌస్ కొంటారు. గంటసేపు వాడితే వేళ్లు కొంకర్లు పోతాయి.

డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే అంకె ఇదే. 1000 డీపీఐ మౌస్‌ను ఒక అంగుళం జరిపితే వెయ్యి చుక్కల లెక్క పంపుతుంది. 1920 పిక్సెళ్ల వెడల్పున్న తెరను దాటడానికి సుమారు రెండు అంగుళాలు జరిపితే చాలు. 16000 అంకె చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. 800 నుంచి 1600 మధ్య ఉంటే ఆఫీసు పనికి, డిజైన్‌కు సరిపోతుంది.

షాపులో చూడాల్సినవి:

- ఎడమ బటన్ ఇరవైసార్లు నొక్కండి, ప్రతిసారీ ఒకే రకంగా పలకాలి
- చక్రం తిప్పండి, మెట్లు మెట్లుగా తెలియాలి
- చక్రాన్ని నొక్కండి, పక్కకు జారకుండా దిగాలి
- వైర్‌లెస్ అయితే కింద ఆన్ ఆఫ్ బటన్ ఉందా
- డాంగిల్ దాచుకోవడానికి మౌస్ లోపల గూడు ఉందా
- వారంటీ, తేదీ వేసిన బిల్లు

ఎడమచేతి వాటం వాళ్లు కుడిచేతికే మలిచిన వంపుల మౌస్ తీసుకోకండి. రెండు వైపులా సమానంగా ఉండేది కొని, సెట్టింగ్స్‌లో "ప్రైమరీ మౌస్ బటన్"ను కుడికి మార్చుకుంటే చాలు.

## 8. మౌస్ పెట్టే తీరు

మౌస్ కీబోర్డుకు ఆనుకునే ఉండాలి. కుడిపక్క అంకెల కీలున్న పెద్ద ల్యాప్‌టాప్ అయితే మౌస్ ఇంకా దూరం జరిగిపోతుంది. అప్పుడు ల్యాప్‌టాప్‌ను కాస్త ఎడమకు జరపండి. మోచేయి ఒంటికి దగ్గరగా, దాదాపు సమకోణంలో మడిచి ఉండాలి. చిన్న కదలికలకు వేళ్లు, పెద్ద కదలికలకు ముంజేయి. మణికట్టును బల్లకు ఆనించి దాని మీదే అటూ ఇటూ తిప్పేవాళ్లకే నొప్పులు ఎక్కువ.

వేగం సెట్టింగ్‌ను గీత మధ్యలో ఉంచి మొదలుపెట్టండి. "ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్" అని ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే చేతిని వేగంగా జరిపినప్పుడు బాణం ఎక్కువ దూరం, నెమ్మదిగా జరిపితే తక్కువ దూరం పోతుంది. మామూలు వాడకానికి ఉండనివ్వండి. డిజైన్ చేసేవాళ్లు, ఆటలాడేవాళ్లు ఆపేస్తే చేతి అంచనా కుదురుతుంది.

ఒక గంట వాడాక మణికట్టులో నొప్పి, వేళ్లలో తిమ్మిరి వస్తే పని ఆపి చెయ్యి విదిలించండి. రోజూ అదే జరిగితే కొన్నాళ్లు మౌస్, ట్రాక్‌ప్యాడ్ మార్చి మార్చి వాడండి. తిమ్మిరి రాత్రుళ్లు కూడా వస్తుంటే కొత్త మౌస్ వెతకడం ఆపి డాక్టరుకు చూపించుకోండి.

## 9. రెండూ ఉంటే వచ్చే చిక్కు

టచ్‌ప్యాడ్ సెట్టింగ్స్‌లో "మౌస్ పెట్టినప్పుడు కూడా టచ్‌ప్యాడ్ ఆన్‌లో ఉండాలా" అనే అర్థం వచ్చే టిక్కు ఒకటి ఉంటుంది. మౌస్‌తో పనిచేస్తూ టైప్ చేసేటప్పుడు అరచేయి ప్యాడ్‌కు తగులుతుంటే ఆ టిక్కు తీసేయమని చెబుతారు. నేనూ తీసేశాను. ఫలితం బస్సులో అనుభవించాను.

హైదరాబాద్ పోతూ, దిగేలోపు పంపాల్సిన ఫైలు ఒకటుందని నార్కట్‌పల్లి దాటాక ల్యాప్‌టాప్ తెరిచాను. ట్రాక్‌ప్యాడ్ చచ్చినట్టు పడి ఉంది. రీస్టార్ట్ చేశాను, గుడ్డతో తుడిచాను, లాభం లేదు. చౌటుప్పల్ వచ్చేదాకా ఒకటే టెన్షన్. ఛార్జింగ్ వైరు వెతుకుతూ పక్కకు తిప్పి చూస్తే, పోర్టులో గోరంత డాంగిల్. మౌస్ ఇంట్లో టేబుల్ మీద ఉంది, డాంగిల్ నాతో వచ్చింది. డాంగిల్ ఉంటే చాలు, విండోస్ మౌస్ తగిలించి ఉందనే అనుకుంటుంది, ట్రాక్‌ప్యాడ్‌ను పండబెడుతుంది. పీకగానే లేచింది.

అందుకని ఆ టిక్కు ఉంచేయండి. అరచేయి తగిలే బాధకు సెన్సిటివిటీ తగ్గించడమే మందు.

## 10. తిప్పలు, విరుగుడు

- ట్రాక్‌ప్యాడ్ అసలు కదలడం లేదు. ముందు డాంగిల్ పీకండి. తర్వాత పైవరస ఎఫ్ కీలలో ప్యాడ్ బొమ్మ ఉన్నది వెతికి, ఎఫ్ఎన్ కీతో కలిపి నొక్కండి. పొరపాటున అది నొక్కి "పాడైంది" అని తెచ్చేవాళ్లే ఎక్కువ. అప్పటికీ రాకపోతే విండోస్ కీ, ఐ కలిపి నొక్కి సెట్టింగ్స్ తెరిచి, ట్యాబ్, బాణం కీలతో టచ్‌ప్యాడ్ దాకా వెళ్లి ఆన్ చేయండి.
- వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి నడుస్తోంది. సెల్ మార్చండి. తగ్గకపోతే డాంగిల్ పక్క పోర్టులో హార్డ్ డిస్క్‌లాంటిది ఉందేమో చూడండి. యూఎస్‌బీ 3 పోర్టులో డేటా నడుస్తుంటే దాని రొద 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌కు అడ్డొస్తుంది. డాంగిల్‌ను రెండో వైపు పోర్టుకు మార్చండి.
- ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది. లోపలి స్విచ్ అరిగింది. ఒక ఫోల్డర్ మీద ఇరవైసార్లు, గుక్క తిప్పుకునేంత విరామమిస్తూ ఒక్కో క్లిక్ చేయండి. దానంతటదే తెరుచుకుంటే ఖాయం. వారంటీ ఉంటే మార్పించుకోండి, లేకపోతే చవక మౌస్‌కు రిపేరు ఖర్చు దండగ.
- చక్రం కిందికి తిప్పితే మధ్యమధ్యలో పైకి పోతోంది. దుమ్ము. చక్రం సందులోకి గాలి ఊదే పంపుతో కొట్టండి. నోటితో ఊదితే తుంపర లోపలికి పోతుంది.
- బాణం ఒకేచోట వణుకుతోంది. మౌస్ బోర్లా తిప్పి, అడుగున నేలను చూసే కన్ను (సెన్సర్) దగ్గర వెంట్రుక ఉందేమో చూడండి.
- ఎండాకాలం సెలవుల తర్వాత మౌస్ పనిచేయట్లేదు. సెల్ లోపలే కారి ఉంటుంది. నెల రోజులు వాడనప్పుడు సెల్ తీసి పెట్టాలి.

## 11. ఎప్‌సెట్, జేఈఈ రాసే పిల్లలుంటే

ఇంట్లో ట్రాక్‌ప్యాడ్ చాలని తేలినా, ఈ పిల్లలకు మాత్రం మౌస్ పట్టించండి. పరీక్ష కేంద్రంలో ఉండేది డెస్క్‌టాప్, జవాబు గుర్తించేది మౌస్‌తోనే. ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. జేఈఈ మెయిన్‌లో అంకె రాయాల్సిన ప్రశ్నలకు తెర మీద కనిపించే కీల మీద మౌస్‌తో నొక్కాలి. ఊళ్లో ఫోన్ మీదే మాక్ టెస్టులు రాసి వచ్చిన పిల్లలు మొదటి పావుగంట మౌస్ కుదుర్చుకోవడానికే పోగొట్టుకుంటారు.

సాధన ఇలా:

- పరీక్షకు నెల ముందు నుంచి వారానికి రెండు మాక్ టెస్టులు వైరు మౌస్‌తో, బల్ల మీద
- మౌస్ వేగం మధ్యలోనే ఉంచండి. కేంద్రంలో మీకు నచ్చినట్టు మార్చుకునే వీలుండదు
- కీబోర్డు ముట్టుకోకుండా, "సేవ్ అండ్ నెక్స్ట్" దాకా అన్నీ మౌస్‌తోనే
- ఒక టెస్టు కావాలనే మౌస్‌ప్యాడ్ లేకుండా, ఇంకోటి పాత మౌస్‌తో
- పరీక్షలో కూర్చోగానే, ప్రశ్నలు తెరుచుకోకముందే బాణాన్ని నాలుగు మూలలకూ తిప్పి చూడటం. తడబడితే అప్పుడే చెయ్యెత్తి మౌస్ మార్చమని అడగాలి. మొదలయ్యాక అడిగితే మొహమాటం, గాభరా